స్పేస్‌షిప్ ఎస్కేప్ రూమ్ ఆడటం ఎలా: తాళాలు కనపడని గదిలో 60 నిమిషాలు

ఎస్కేప్ రూమ్ అంటే ఒక గదిలోకి వెళ్ళి, క్లూలు వెతికి, పజిళ్ళు విప్పి, టైమ్ అయిపోయేలోపు బయటపడే ఆట. మామూలు ఎస్కేప్ రూమ్‌లో తాళం కళ్ళెదుటే వేలాడుతుంటుంది. చక్రాలు నాలుగుంటే నాలుగంకెలు కావాలని, అక్షరాల తాళమైతే ఒక పదం కావాలని చూడగానే తెలిసిపోతుంది. స్పేస్‌షిప్, ల్యాబ్, టైమ్ మెషీన్ లాంటి సైన్స్ ఫిక్షన్ గదుల్లో ఆ సౌకర్యం ఉండదు. గోడ నిండా స్విచ్‌లు, బల్బులు, వైర్లు ఉంటాయి. వాటి వెనక ఏ సెన్సర్ ఉందో, అది ఏ తలుపు తెరుస్తుందో బయటికి కనపడదు. బాగా చదువుకున్న జట్లు కూడా ఇక్కడే బోల్తా పడతాయి. ఫిజిక్స్ రాక కాదు. మెషీన్ ఏమడుగుతోందో, ఇచ్చిన జవాబుకి ఏం బదులు చెప్పిందో పట్టించుకోక.

2007లో జపాన్‌లోని క్యోటోలో టకావో కటో మొదలుపెట్టిన ఆట ఇది. ఎక్కడ ఆడినా దాని సూత్రం ఒకటే: గది బయటి జ్ఞానం అక్కర్లేదు, కావలసిందంతా గదిలోనే ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకుంటే సగం భయం పోతుంది. ముఖ్యంగా ఇంజినీర్లు గుర్తు పెట్టుకోవాలి. గోడ మీద ఓమ్స్ లా (కరెంటు లెక్కల సూత్రం) కనిపించగానే లెక్కలు మొదలుపెట్టి పది నిమిషాలు పోగొట్టుకునేది వాళ్ళే.

బుక్ చేసేముందు

జట్టుకి నలుగురు సరైన లెక్క. ఆరుగురు, ఎనిమిది మంది దాకా తీసుకునే గదులున్నాయి గానీ, పది మంది చేరితే పాము చావదు. స్పేస్‌షిప్ గదులు సాధారణంగా ఇరుకు కాబట్టి ఐదో మనిషి నుంచి మిగతావాళ్ళ వీపులు చూస్తూ నిలబడాల్సి వస్తుంది. ఇద్దరే వెళ్తే ఇంకో చిక్కు: ఒకరు ఒక మూల బటన్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు మరో మూల మీట లాగాల్సిన ఘట్టాలు వస్తాయి, అప్పుడు క్లూ కాగితం పట్టుకుని చదివి చెప్పేవాళ్ళుండరు.

అమెరికాలో ఆడేవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. కొన్నిచోట్ల టికెట్లు మనిషికింత అని అమ్మి, మిగిలిన ఖాళీల్లో తెలియనివాళ్ళని కలిపేస్తారు. మీవాళ్ళే ఆడాలనుకుంటే ప్రైవేట్ బుకింగ్ అవునా కాదా అని ముందే అడగండి. ఇక హైదరాబాద్‌లో ఆడినా డల్లాస్‌లో ఆడినా క్లూలు, తెర మీద సందేశాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళనో చిన్నపిల్లల్నో తీసుకెళ్తే, గబగబా చదివి తెలుగులో చెప్పగల మనిషిని వాళ్ళ పక్కనే ఉంచండి. పిల్లలకి వెతికే పని అప్పగించండి. బల్ల అడుగున, సీటు కింద పెద్దవాళ్ళు వంగి చూడని చోట్లన్నీ వాళ్ళ కంటి ఎత్తులోనే ఉంటాయి.

ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి: పొగ వదులుతారా, లైట్లు టపటపా కొట్టుకుంటాయా, పాకుతూ వెళ్ళే సొరంగం ఉందా? ఆస్తమా, మూర్ఛ, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఇవి చిన్న విషయాలు కావు. లేజర్ గీతల మధ్య నుంచి దూరి వెళ్ళే ఘట్టం ఉంటే చీర కొంగు, చున్నీ గాలికి ఎగిరినా అలారం మోగుతుంది. ఒంటికి పట్టి ఉండే బట్టలు వేసుకోండి. దగ్గర చూపు అద్దాలున్నవాళ్ళు వాటిని మర్చిపోకండి, లోపల వెలుతురు తక్కువ.

బయటికి దారి

2019 జనవరిలో పోలండ్‌లోని కొషాలిన్‌లో ఒక ఎస్కేప్ రూమ్‌లో మంటలు రేగాయి. బయటికి రాలేక 15 ఏళ్ల అమ్మాయిలు ఐదుగురు చనిపోయారు. అందుకే లోపలికి అడుగు పెట్టేముందు సిగ్గుపడకుండా అడగండి: "ఆట మధ్యలో బయటికి రావాలంటే ఎలా?" వచ్చిన తలుపుకి తాళం వేయం అనో, తలుపు పక్కన అత్యవసర బటన్ ఉందనో జవాబు రావాలి. విద్యుదయస్కాంత తాళాలున్న చోట కరెంటు పోతే తలుపు వదిలేసే ఏర్పాటు ఉంటుంది. ఉందో లేదో అడగండి. బటన్ ఎక్కడుందో చూపించమని, వీలైతే ఒకసారి నొక్కి చూపించమని అడగండి. నీళ్ళు నమిలితే ఆ గదిలో ఆడొద్దు. డబ్బు పోయినా సరే.

అదే సమయంలో గేమ్ మాస్టర్ (కెమెరాలో చూస్తూ ఆట నడిపే మనిషి) చెప్పే నియమాలు చెవిన వేసుకోండి. ఏది ఆటలో భాగం కాదో కచ్చితంగా తెలుసుకోవాలి. మామూలు గదిలో స్విచ్‌బోర్డు అంటే స్విచ్‌బోర్డే. స్పేస్‌షిప్‌లో ప్రతి పెట్టె మీదా మీటలుంటాయి కనక నిజం ప్లగ్గుకీ బొమ్మ ప్లగ్గుకీ తేడా తెలియదు. ఏసీ, పొగ సెన్సర్, మంటలార్పే సిలిండర్, కెమెరా, నిజమైన సాకెట్లు ముట్టుకోకూడనివి. మిగతా వాటికి రెండు వేళ్ళ బలం చాలు. అంతకన్నా గట్టిగా లాగాల్సి వస్తే అది ఇప్పుడు తెరుచుకునేది కాదు.

మొదటి ఐదు నిమిషాలు

టైమర్ మొదలవగానే అందరూ మొదట మెరిసిన ప్యానెల్ దగ్గరికి పరిగెడతారు. వద్దు. గదిని నాలుగు ముక్కలు చేసుకుని తలో దిక్కు వెళ్ళండి. పైనుంచి కిందికి, తర్వాత ఫర్నిచర్ అడుగున, సొరుగుల వెనక, వేలాడే స్పేస్‌సూట్ల జేబుల్లో, హెల్మెట్ లోపల వెతకండి. కదిలేవన్నీ తెచ్చి ఒకే బల్ల మీద పెట్టండి. ఎవరి జేబులోనూ ఏదీ ఉండకూడదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఒకరి చేతిలో ఉన్న కార్డు కోసం మిగతా ముగ్గురూ గది తలకిందులు చేయడం ఈ ఆటలో మామూలే.

చూసింది చూసినట్టు పైకి చెప్పండి. "ఇక్కడేదో ఉంది" అంటే లాభం లేదు. "ఎర్ర బల్బులు ఐదు, కింద స్విచ్‌లు ఐదు, పక్కన త్రిభుజం గుర్తు" అనాలి. అది విన్న ఇంకొకరు "త్రిభుజం గుర్తు నా దగ్గర కార్డు మీదుంది" అంటారు. స్పేస్‌షిప్ గదిలో సగం పజిళ్ళు ఇలాగే విడిపోతాయి. గుర్తుకీ గుర్తుకీ, రంగుకీ రంగుకీ, అక్షరాల తీరుకీ అక్షరాల తీరుకీ జత కుదర్చడమే పని.

బల్ల మీద రెండు కుప్పలు పెట్టుకోండి, వాడనివి ఒకటి, పనైపోయినవి ఒకటి. ఒక తాళంచెవి, ఒక కోడ్ చాలా గదుల్లో ఒక్కసారే పనికొస్తాయి. తీసిన తాళంలో చెవి అలాగే వదిలేయండి. మళ్ళీ వాడాల్సింది ఏదైనా ఉంటే అది టార్చి, డీకోడర్ పటం (గుర్తుల్ని అక్షరాలుగా మార్చే పట్టిక) లాంటి పనిముట్టే అయి ఉంటుంది.

మెషీన్ ఏమడుగుతోంది?

ప్యానెల్ ముందు నిలబడి చేయి పెట్టకముందే లెక్కపెట్టండి. ఎన్ని బటన్లు, ఎన్ని బల్బులు, తెర మీద ఎన్ని ఖాళీ గీతలు? నాలుగు గీతలుంటే జవాబు నాలుగు అంకెలో అక్షరాలో. నాబ్ చుట్టూ ఎనిమిది గుర్తులుంటే గ్రహాలేమో చూడండి: బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. మూడు రంగుల పట్టీలున్న చిన్న గొట్టాలు కనపడితే రెసిస్టర్ల (కరెంటుని అడ్డుకునే చిన్న విడిభాగాలు) రంగుల వరస కావచ్చు, ఒక్కో రంగుకి ఒక్కో అంకె. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. ఇది బట్టీ పట్టనక్కర్లేదు. నిజంగా అదే అయితే ఆ పటం గదిలో ఎక్కడో ఉంటుంది. పటం దొరకలేదంటే వేరే దారి ఉందని అర్థం.

తర్వాత ఒక్కటే మార్చి ఆగండి. ఒక స్విచ్ వేసి ఏం మారిందో గదంతా చూడాలి. బల్బు వెలిగిందా, శబ్దం మారిందా, వెనకాల ఏదైనా టక్కుమందా? విద్యుదయస్కాంత తాళం వదిలినప్పుడు వచ్చేది చిన్న టక్ శబ్దమే. పైన ఇంజిన్ హోరు, సంగీతం మోగుతుంటే అది వినపడదు. తలుపు దానంతటదే తెరుచుకోకపోవచ్చు కూడా. కాబట్టి జవాబు ఎక్కించే ముందు ఒకరు "వేస్తున్నా" అనాలి, మిగతావాళ్ళు నోరు మూసుకుని చెవులు రిక్కించాలి. తర్వాత మూసి ఉన్న ప్రతి మూతనీ, ప్రతి తలుపునీ ఒకసారి మెల్లగా తోసి, ఒకసారి లాగి చూడాలి. పజిల్ విడిపోయినా తలుపు తెరిచి చూడక ఐదారు నిమిషాలు అక్కడే తిరిగే జట్లు బోలెడు.

ఐదు బల్బుల ప్యానెల్ తీసుకుందాం, ఈ గదుల్లో తరచూ ఎదురయ్యేదే. ఎడమ నుంచి కుడికి వెలుగు, చీకటి, చీకటి, వెలుగు, వెలుగు. కుడి చివర బల్బుకి 1, దాని ఎడమకి 2, ఆపైన 4, 8, 16 అని వేసుకోండి. వెలిగినవి 16, 2, 1. కూడితే 19. ఇంగ్లీషు అక్షరాల్లో 19వది ఎస్. అక్షరం రావాల్సిన చోట 26 దాటిన అంకె వచ్చిందంటే మీరు తిరగేసి చదువుతున్నారేమో చూడండి. ఉదాహరణకి వెలుగు నాలుగు, చివర చీకటి అయితే 30 వస్తుంది. అటు నుంచి చదివితే 15, అంటే ఓ. బల్బులు ఎనిమిదుంటే కంప్యూటర్ కోడ్ కావచ్చు. అందులో పెద్ద ఏ విలువ 65, అక్కణ్ణుంచి వరసే. ఒకరు "వెలుగు, చీకటి" అని పలకండి, ఇంకొకరు రాయండి. ఒకే మనిషి చూస్తూ కూడుతూ ఉంటే లెక్క తప్పుతుంది.

మూలకాల పట్టిక గోడ మీదుంటే పరమాణు సంఖ్య నుంచి గుర్తుకి వెళ్ళడమే ఎక్కువగా అడుగుతారు. 27, 62, 76 అని ఉందనుకోండి. కోబాల్ట్, సమేరియం, ఆస్మియం. వాటి గుర్తులు సి-ఓ, ఎస్-ఎం, ఓ-ఎస్ పక్కపక్కన పెడితే కాస్మోస్ అనే మాట వస్తుంది. వరస ముఖ్యం. అంకెలు దొరికిన వరస కాకుండా, అవి రాసి ఉన్న పెట్టెల రంగో సైజో అసలు వరస చెప్తుంది.

వైర్లు గుచ్చే బోర్డులో ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఒక్కో వైరు సరిగ్గా పడ్డప్పుడు ఒక్కో బల్బు వెలుగుతోందా, లేక అన్నీ సరిపోతేనే వెలుగుతుందా? మొదటి రకమైతే ఆరు వైర్లు, ఆరు రంధ్రాలు 21 ప్రయత్నాలు మించకుండా తేలిపోతాయి, క్లూ లేకపోయినా నడుస్తుంది. రెండో రకమైతే 720 అమరికలు. గుడ్డిగా వేస్తే ఆట అక్కడే అయిపోతుంది, వెంటనే క్లూ వెతకడానికి వెళ్ళండి. అంకెల తాళానికీ ఈ లెక్కే. నాలుగంకెల్లో మూడు తెలిస్తే నాలుగోది పదిసార్లు తిప్పి చూడొచ్చు. నాలుగూ తెలిసి వరస తెలియకపోతే, అన్నీ వేరువేరు అంకెలైతే, 24 సార్లు. అది కూడా ఖాళీగా ఉన్న మనిషికి ఇవ్వదగ్గ పనే. ఏమీ తెలియకుండా 10,000 తిప్పడం మాత్రం తలకు మించిన పని. కీప్యాడ్ అయితే ఈ పద్ధతి అసలు వద్దు, తప్పులు ఎక్కువైతే కొన్ని కాసేపు మొరాయిస్తాయి.

లేజర్‌ని అద్దాలతో మళ్ళించే పజిల్‌లో అందరూ చేసే పొరపాటు, గురి దగ్గరున్న అద్దంతో మొదలుపెట్టడం. కిరణం పుట్టే చోటికి దగ్గరగా ఉన్న అద్దాన్ని ముందు సరిచేసి, అది రెండో అద్దం మధ్యలో పడ్డాక చేయి తీసేయండి. ఆ తర్వాతే రెండోది. అద్దాన్ని 10 డిగ్రీలు తిప్పితే కిరణం 20 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే కొంచెం కదిపినా చుక్క గోడ దాటి పోతుంది. గోరుతో తోసినంత మెల్లగా తిప్పండి. ఒకరు చుక్కని చూస్తూ "ఇంకొంచెం, ఆగు" అని చెప్పాలి. కిరణం వచ్చే వైపు కళ్ళు పెట్టొద్దు.

యూవీ టార్చి (కంటికి కనపడని సిరా రాతల్ని మెరిపించే ఊదా కాంతి టార్చి) దొరికితే లైట్లు తగ్గించగలిగితే తగ్గించి, గోడకి అడుగు దూరంలో పట్టుకుని నెమ్మదిగా తుడిచినట్టు వెళ్ళండి. తెల్ల చొక్కా వేసుకున్నవాళ్ళు పక్కకి జరగాలి, ఆ మెరుపులో సన్నటి రాత కనపడదు. ఎర్ర గాజు పలక దొరికితే రంగు గీతల గందరగోళం మీద పెట్టి చూడండి. ఎరుపు మాయమై నీలం, ఆకుపచ్చ గీతలు నల్లగా తేలతాయి.

బొమ్మ రాళ్ళు, ఇంధన గొట్టాలు, క్రూ కార్డులు ఒక గూట్లో పెట్టాల్సినప్పుడు వాటి లోపల సాధారణంగా చిన్న చిప్ ఉంటుంది. అది రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వస్తేనే గూడు గుర్తు పడుతుంది. వస్తువు అడుగుభాగం గూటికి ఆనేట్టు నిలువుగా పెట్టి రెండు సెకన్లు వదిలేయండి. కార్డుని ఆపకుండా అటూ ఇటూ ఊపితే ఎన్నిసార్లయినా చదవదు.

జట్టుని రెండు గదుల్లో వేస్తే

కొన్ని ఆటల్లో సగం మంది కంట్రోల్ రూమ్‌లో, సగం మంది ఓడలో, మధ్య ఒక ఇంటర్‌కామ్. ఇక్కడ ఓడిపోయేది మాట దగ్గరే. "ఎడమ" అంటే ఎవరి ఎడమ? ముందే ఒప్పందం చేసుకోండి: తలుపుకి వీపు పెట్టి నిలబడితే ఎడమ. గుర్తులకి పేర్లు పెట్టుకోండి. సున్నా మీద గీతున్నది "విబూది పట్టె", మూడు కొమ్మల గుర్తు "త్రిశూలం", చుక్కున్న వలయం "కన్ను". ఒక్కసారి పెట్టిన పేరు మార్చొద్దు. విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి: "త్రిశూలం మూడో వరసలో, నిజమేనా?" ఒక గదిలో ఒక్కరే మాట్లాడాలి. వాళ్ళ వెనక నలుగురు అరిస్తే అవతల వినపడేది గోలే.

హింట్ అడగడం

హింట్ అడగడం ఓటమి కాదు, ఆటలో దాన్ని పెట్టిందే అందుకు. ఒకే పజిల్ మీద ఐదు నిమిషాలు కొత్త సంగతేమీ తెలియకుండా గడిస్తే, ముందు మనుషుల్ని మార్చండి. ఇంతసేపు చేసినవాళ్ళు పక్కకి తప్పుకుని కొత్తవాళ్ళు మొదటి నుంచి చూడాలి. ఇంకో రెండు నిమిషాలకీ కదలకపోతే అడగండి. "ఏం చేయాలి?" అంటే జవాబంతా ఇచ్చేస్తారు, ఆట రుచి పోతుంది. "ఐదు బల్బుల ప్యానెల్‌కి కావలసినవన్నీ మా దగ్గరున్నాయా?" అని అడగండి. అవును అంటే వెతకడం ఆపి ఆలోచించండి. కాదు అంటే ఆలోచించడం ఆపి వెతకండి. 60 నిమిషాల ఆటలో 30 నిమిషాలకి కనీసం సగం దారి, అంటే చాలా గదుల్లో రెండో భాగం తలుపు, దాటి ఉండాలి. దాటకపోతే అక్కణ్ణుంచి హింట్‌లకి మొహమాటపడొద్దు.

జవాబు సరైనదే, మెషీన్ కదలట్లేదు

ముందు మీ వైపు చూసుకోండి. నాబ్ రెండు గుర్తుల మధ్య ఆగిందా? చక్రాల తాళంలో అంకెలు గీతకి ఎదురుగా ఉన్నాయా, కొద్దిగా పైనా? కీప్యాడ్‌కి చివర హ్యాష్‌గానీ స్టార్‌గానీ నొక్కాలా? పైకి, కిందికి, పక్కలకి తోసే తాళమైతే పాత కదలికలు చెరిగిపోవడానికి కొక్కేన్ని రెండుసార్లు లోపలికి నొక్కి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇది చేయకపోతే సరైన జవాబు కూడా తప్పవుతుంది. తర్వాత వేరొకరు అదే జవాబుని నెమ్మదిగా వేయాలి. రెండుసార్లూ కాకపోతే కెమెరా వైపు చూసి నేరుగా అడగండి: "ఈ ప్యానెల్ పనిచేస్తోందా?" టార్చిలో బ్యాటరీ అయిపోవడం, ముందు జట్టు వాడిన వస్తువు వెనక్కి పెట్టకపోవడం, వైరు వదులవడం ఈ గదుల్లో జరిగే పనులే. అడిగితే గేమ్ మాస్టర్ తన వైపు నుంచి తలుపు తీసేస్తారు, పోయిన సమయం కలపమని అడిగినా తప్పులేదు.

చివరి తలుపు

ఓడ పేల్చివేత ఆపడం, ఇంజిన్ మొదలుపెట్టడం లాంటి ముగింపుల్లో తరచు అందరూ ఒకేసారి బటన్లు నొక్కాలి. "ఒకటి, రెండు, మూడు" అన్నప్పుడు మూడు మీద నొక్కాలా, మూడు తర్వాతా అన్నది ముందే తేల్చుకోండి. నొక్కాక వదలకండి. బల్బు మారేదాకా, లేదా తెర మీద మాట వచ్చేదాకా పట్టుకునే ఉండాలి. ఆఖరి రెండు నిమిషాల్లో ఎర్ర లైట్లు, సైరన్ పెడతారు, అది గుండె దడ పెంచడానికే. తెర మీద వాక్యాన్ని ఒకరు గట్టిగా, పూర్తిగా చదవండి. కంగారులో "నొక్కొద్దు" అన్న మాటని "నొక్కు" అని చదివి ఆఖరి మెట్టు మీద జారేవాళ్ళున్నారు.

బయటికొచ్చినా, టైమ్ అయిపోయినా, మీకు తెగని పజిల్ ఎలా విడిపోతుందో చూపించమని అడగండి. చాలామంది గేమ్ మాస్టర్లు సంతోషంగా చూపిస్తారు. వదులుగా ఉన్న మీట, సరిగా వెలగని టార్చి మీ కంటపడితే అప్పుడే చెప్పేయండి. తర్వాతి జట్టు లోపలికి వచ్చేలోపు వాళ్ళు గదంతా సర్దుకోవాలి.